పరీక్షకు దొరకని జ్వరం

మా అమ్మ చితి పూర్తిగా ఆరకముందే మా అన్న వచ్చి నా మొగుడి కాలు విరగ్గొట్టాడు. లారీ టైర్లు విప్పే ఇనప రాడ్డుతో కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను. ఎముక విరిగితే ఎండు కట్టె విరిగినట్టు ఫటుక్కుమంటుందని అనుకునేదాన్ని. అట్లా ఉండదు. తడిగుడ్డను బండకేసి కొట్టినట్టు ఉంటుంది.

ఆ ఇద్దరూ ఎవరో ముందు చెప్పాలి. నా మొగుడు మా అమ్మకు సొంత తమ్ముడి కొడుకు. చిన్నతనంలోనే అమ్మా నాయనా ఇద్దరూ పోతే మా అమ్మ తెచ్చి పెంచుకుంది. మా అన్నా అతనూ ఒక ఈడు వాళ్ళు. ఒకే కంచంలో తిన్నారు, ఒకే చొక్కాను మార్చి మార్చి తొడుక్కున్నారు, వారానికొకసారి రక్తాలు కారేట్టు కొట్టుకున్నారు. కొట్టుకున్న సాయంత్రమే ఒకడి భుజం మీద ఒకడు చెయ్యేసుకుని సినిమాకు పోయేవాళ్ళు. మా ఇంట్లో కోపం నోట్లో ఉండదు, చేతుల్లో ఉంటుంది. మా నాయన కూడా అంతే, మాట పూర్తి కాకముందే చెయ్యి లేచేది. పెద్దయ్యాక అన్న సేద్యంలో పడ్డాడు, అతను లారీ ఎక్కాడు. నన్ను అతనికిచ్చి చేశారు. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచేదాన్ని, పెళ్ళయ్యాకా అదే పిలుపు. నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. ఆ ఏడాది బడి మూసేసి ఉండడంతో ఊళ్ళోనే ఉన్నాను. ఉదయగిరి నుంచి కొంచెం దూరంలో, ఇంటి మెట్టు మీద కూర్చుంటే దుర్గం కొండ కనబడే పల్లె మాది. అమ్మా మేమూ ఒకింట్లో, అన్నా, వదినా, వాళ్ళ రెండేళ్ళ కూతురూ పక్కింట్లో.

రెండోసారి కరోనా విరుచుకుపడిన వేసవి అది. ఊరి కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప వేశారు. బయటి నుంచి వచ్చేవాడు ఎవడైనా సరే, రోగం లేదని రిపోర్టు చూపిస్తేనే లోపలికి. కంప దగ్గర కాపలా కాసేవాళ్ళలో మా అన్నే ముందు. మర్రిపాడు వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ఒక ముసలాయన్ను కట్టె ఎత్తి అరమైలు వెనక్కి తరిమాడని చెప్పుకున్నారు. నేను అడిగితే, "నేను తరిమింది గొర్రెల్ని గాదు, రోగాన్ని" అన్నాడు.

బావ బత్తాయి లోడు బెంగళూరులో దించి తిరిగొస్తున్నాడు. గొంతులో గరగరగా ఉందని ఫోన్లో చెప్పాడు. నేను భయపడ్డాను.

"కేబిన్లో అంత దుమ్ము మింగితే గరగర రాక ఏమొస్తాదిమే" అన్నాడు. అయినా ఉదయగిరిలో ఆగి ముక్కులో పుల్ల పెట్టించుకున్నాడు. రిపోర్టు వచ్చేదాకా లారీ దిగలేదు. ఫోనుకు రిపోర్టు వచ్చింది, నెగిటివ్. కంప దగ్గర దాన్ని అన్న చేతికిచ్చాడు. అన్న దాన్ని పైకి చదివి అందరికీ వినిపించాడు. అన్నే కంప లాగాడు.

"రా రా బావా, నీ కంపుకు రోగం గూడా దగ్గరికి రాదు" అని నవ్వాడు.

ఆ పూట అమ్మ కోడి కూర చేసింది. బావ తింటుంటే ఎదురుగా కూర్చుని, పెరుగన్నం కలిపి తనే ముద్దలు చేతిలో పెట్టింది. అంత మొగాడికి ముద్దలేందమ్మా అంటే, నా తమ్ముడి కొడుకు నా ఇష్టం అంది. ఆమె చేతి వేళ్ళకు అంటిన పెరుగును ఆమే నాక్కుంది. తర్వాత చాలాకాలం నాకు కళ్ళు మూస్తే అదే కనబడేది.

కొద్ది రోజులకే అమ్మకు జ్వరం పట్టింది. వడదెబ్బ అనుకున్నాం. దగ్గు మొదలైంది. ఒక పొద్దున లేచి చూస్తే పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. బావ ఆమెను చేతుల మీద ఎత్తుకుని పక్క వీధిలో ఉన్న కారు దగ్గరికి పరుగెత్తాడు. కారు వాడు తాళం ఇవ్వనంటే గొంతు పట్టుకుని గోడకు నొక్కి తీసుకున్నాడు. ఆత్మకూరు చేరేదాకా వెనక సీట్లో అమ్మ తల నా ఒళ్ళో ఉంది.

ఆసుపత్రిలో చీటీలాంటి పరీక్ష చేశారు. రెండు గీతలు వచ్చాయి, అంటే కరోనానే. మంచాలు లేవు, ఆక్సిజన్ లేదు. వరండాలో బల్ల మీద పడుకోబెట్టాం. గాలి కోసం ఆమె నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం కాదది, గీరడం. నీళ్ళలో మునిగేవాడు గట్టును గీరినట్టు నా మణికట్టును గీరింది. గోళ్ళ కింద నా చర్మం ఉంది. నేను వదిలించుకోలేదు. కాసేపటికి ఆమే వదిలింది.

దహనానికి ఊళ్ళో ఎవరూ రాలేదు. అన్న, బావ, నేను, ఇద్దరు దూరపు చుట్టాలు. అదే సాయంత్రం మా పక్క వీధిలో ఒక పెద్దాయన కూడా దగ్గుతో పోయాడు. దాంతో ఊరు ఊరంతా ఒక మాట పాకింది. పట్నాల్లో నెగిటివ్ రిపోర్టులు అమ్ముతున్నారంట, బెంగళూరులో ఒక ముఠా పట్టుబడిందంట. ఎవడో ఫోనులో ఒక వీడియో తిప్పాడు. ఇంకెవడో చితి దగ్గర్నుంచి తిరిగొస్తున్న మా అన్నతో దూరం నుంచే అన్నాడు:

"ఏమప్పా, కంప తీసింది నువ్వే గదా."

ఆ ఒక్క మాట చాలు. అన్న ఆ రాత్రి ఇంటికి రాలేదంట. తెల్లారి మా వాకిట్లోకి వచ్చినప్పుడు చేతిలో రాడ్డు ఉంది. బావ లారీలోంచి తీసుకొచ్చిందే అది. బావ తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

"రేయ్, యాడ కొన్నావురా ఆ రిపోర్టు?"

"కొనడమేందిరా? ఉదయగిరిలో పుల్ల పెట్టించుకున్నా. నీకే గదా చూపించినా."

"చూపించినావు. నా చేత కంప లాగించినావు. అమ్మ యాడరా ఇప్పుడు?"

బావ జేబులోంచి ఫోను తీశాడు. ఆ రిపోర్టు తెరిచి, అన్న మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. బలంలో బావ అన్నకేమీ తీసిపోడు. ఎదురు తిరిగి ఉంటే ఆ రాడ్డు లాక్కునేవాడు. కానీ అతను చెయ్యెత్తలేదు. ఫోనే పట్టుకుని నిలబడ్డాడు. మొదటి దెబ్బ ఆ చేతి మీదే పడింది. ఫోను బండ మీద పడి పగిలింది. రెండో దెబ్బ భుజం మీద. నేను అడ్డం పడ్డాను. అన్న నా జుట్టు పట్టుకుని గోడకేసి విసిరాడు. పై పెదవి చిట్లి నోట్లో రక్తం ఉప్పగా నిండింది. లేచేసరికి బావ కింద పడి ఉన్నాడు. అన్న అతని మోకాలి కింద చూసి కొట్టాడు. ఒకసారి కొట్టి, ఆగి, సరిగ్గా అదే చోట మళ్ళీ కొట్టాడు.

మిద్దెల మీద జనం నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ దిగలేదు. మాది రోగం వచ్చిన ఇల్లు. నేను అరుస్తుంటే ఎదురింటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

అన్న అలిసిపోయి ఆగాడు. అతన్ని ఎవరూ ఆపలేదు. తర్వాత బయటికి పోయి లారీ అద్దాన్ని కొట్టాడు. గాజు పెంకులు అరచేతిలో దిగాయి. ఆ నెత్తురు చేత్తోనే రాడ్డు విసిరేసి, కొండ వైపు నడుచుకుంటూ పోయాడు. వదిన పసిదాన్ని చంకనేసుకుని గుమ్మంలో రాయిలా నిలబడిపోయింది.

ఆటోవాళ్ళు ఎవరూ రామన్నారు. చివరికి ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఒక సాయిబు వచ్చాడు. కొయ్య కోసం మా ఊరికి వచ్చిపోతుంటాడు. తన ట్రాలీ ఆటోలో ఉన్న నార్ది కొయ్యలన్నీ రోడ్డు పక్కన దించేసి, బావను పడుకోబెట్టుకున్నాడు. దారి పొడుగునా గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా బావ గొడ్డులా అరిచాడు. సాయిబు వెనక్కి చూడకుండా "యా అల్లా, యా అల్లా" అంటూ నడిపాడు. ఆత్మకూరులో ఎముకల ఆసుపత్రి గేటు దగ్గర దించి, నా మొహం మీది నెత్తురు చూసి తన భుజం మీది తువ్వాలు ఇచ్చాడు.

ఆపరేషన్ చెయ్యాలంటే ముందు కరోనా పరీక్ష చెయ్యాలన్నారు. శాంపిల్ నెల్లూరు ల్యాబుకు పోయింది. పోలీసులు వచ్చి నా దగ్గర ఫిర్యాదు తీసుకున్నారు. అన్న పేరు చెప్పేటప్పుడు నా నోరు తిరగలేదు. చిట్లిన పెదవి వల్ల అనుకున్నాడు ఆ కానిస్టేబులు. మంచం మీది నుంచి బావ ఒకటే మాట: "సార్, నా రిపోర్టు దొంగది గాదు. నాకు రోగం లేదు. రెండూ రాసుకోండి సార్."

పరీక్ష పాజిటివ్ వచ్చింది. బావ అదిరిపడలేదు.

"అత్తను మోసినప్పుడు నాకంటింది" అన్నాడు. "ఆమె రోగమే నాకొచ్చింది. అంతే గదా మే?"

"అంతే బావా" అన్నాను. అప్పటికి నేనూ అదే అనుకున్నాను.

అతన్ని ఒక మూల గదిలోకి మార్చారు. ఆ మధ్యాహ్నం డ్యూటీ డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది. చిన్నావిడ. పైనుంచి కింది దాకా ప్లాస్టిక్ అంగీలో చెమటతో తడిసి ఉంది. కొంచెం అటూ ఇటూ చూసి అడిగింది.

"మీ ఆయనకు ముందు ఒక పరీక్ష చేశారన్నారు. దాని కాగితం ఉందా?"

బావ నాకూ పంపి ఉన్నాడు. నా ఫోనులో చూపించాను. ఆమె దాన్ని పెద్దది చేసుకుని కింద చిన్న అక్షరాల్లో ఉన్న చోట ఆగింది.

"ఇట్లాంటివి ఈ నెలలో నాకు కొన్ని తగిలాయి. అందుకే అడిగాను" అంది. "ఈ పరీక్షల్లో వైరస్ మొత్తాన్నీ చూడరు. దానిలోని కొన్ని జన్యువులు ఉన్నాయా లేవా అని వెతుకుతారు. నెల్లూరులో మూడు వెతికారు. మీ ఆయనకు రెండు గట్టిగా కనబడ్డాయి. మూడోది అసలు రాలేదు."

"రాకపోవడం ఏంటండీ?"

"వైరస్ ఒంట్లో తనకు తాను నకళ్ళు రాసుకుంటూ పోతుంది. మీరు టీచరన్నారుగా. బోర్డు మీది మాటను ఒక పిల్లాడు ఒత్తు తప్పుగా రాశాడనుకోండి. వాడి పుస్తకం చూసి రాసుకున్న వాళ్ళందరికీ అదే తప్పు వస్తుంది. అట్లా ఒకచోట అక్షరాలు మారినట్టున్నాయి. మారిన చోట పరీక్ష పట్టుకోలేదు. మిగతా రెండు ఉన్నాయి కాబట్టి ఇక్కడ దొరికిపోయింది."

"మరి ఉదయగిరిలో?"

ఆమె నా ఫోను నాకిచ్చింది.

"అక్కడి మిషను ముందు ఒక్క జన్యువునే వెతుకుతుంది. అది లేకపోతే అక్కడితో ఆపేసి నెగిటివ్ అంటుంది. అది వెతికే ఆ ఒక్కటే, ఇప్పుడు మీ ఆయనలో కనబడని మూడోది."

వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ పోయారు. నేను గోడ వైపు జరిగి దారిచ్చాను.

"అంటే మా ఊళ్ళోకి వచ్చేటప్పటికే ఆయనకు ఉందా?"

"ఉండొచ్చు. గొంతు గరగర అన్నారు కదా. కానీ ఖాయంగా చెప్పలేను. మీ అమ్మగారికి వేరే ఎవరి నుంచైనా వచ్చి, ఆమె నుంచి ఈయనకు వచ్చి ఉండొచ్చు. ఎవరి నుంచి ఎవరికో ఈ పరీక్ష చెప్పదు. ఆ రిపోర్టు దొంగది కాదు, అది చెప్పగలను. దాన్ని నమ్మడానికి మాత్రం లేదు."

ఆమె లోపలికి పోయింది. నేను మెట్ల కింద కూర్చున్నాను. అమ్మ పెరుగన్నం ముద్దలు గుర్తొచ్చాయి. జ్వరానికి ముందు అమ్మ రేషన్ బియ్యం తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజూ గుర్తొచ్చింది. అక్కడ ఎంత మంది ఉన్నారో, ఎవరు దగ్గారో మనసులో వెతుక్కున్నాను. ఎవరో ఒకరు దగ్గి ఉండాలని దేవుణ్ణి మొక్కుకున్నాను.

బావకు చెప్పలేదు. ఆపరేషన్ చేశారు. కాల్లో ఇనప పట్టీ వేశారు. మెలకువ వచ్చిన ప్రతిసారీ అతను అన్ననే తిట్టేవాడు. "దొరికినాక బెయిలు రానివ్వగూడదు వాడికి. నాకేమీ లేకపోయినా నన్ను చంపబోయినాడు. నీ అన్న గాబట్టి ఊరుకుంటావేమో, నేను ఊరుకోను." నేను గ్లాసులో నీళ్ళు పట్టేదాన్ని. తాగి, మళ్ళీ అదే.

పోలీసులకు అన్న దొరకలేదు. కొండ మీద పాత కోట గోడల మధ్య దాక్కున్నాడని అందరికీ తెలుసు, ఎవరూ ఎక్కలేదు. ఒకరోజు భోజనాల వేళ తనే ఆసుపత్రికి వచ్చాడు. తలుపు తీసుకుని లోపలికొచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. అరచేతికి చుట్టిన గుడ్డ నల్లబడి వాసన వస్తోంది. గడ్డం పెరిగి ఉంది. మాస్కు లేదు.

"అన్నా, ఈడికి రాగూడదు నువ్వు. ఆయనకు పాజిటివ్" అన్నాను.

"రానీలే" అన్నాడు నా వైపు చూడకుండా. బావతో అన్నాడు: "రేయ్. కొన్నానని ఒక్క మాట చెప్పు. నేనే పోయి స్టేషన్లో కూర్చుంటా. ఉరెయ్యమను, పడతా. కొన్నానని చెప్పు చాలు."

"కొనలేదురా."

"మరి అమ్మకు యాడ నుంచి వచ్చింది? చెప్పు. నేను కంప లాగింది దేనికి? మంచి రిపోర్టు చూసి లాగినానా, దొంగది చూసి లాగినానా? నాకు అదొక్కటే కావాల."

అతని గొంతు గీసుకుపోయి ఉంది. మూడు పూటలా ఆ ప్రశ్ననే నములుతున్నాడని తెలిసిపోతోంది. రిపోర్టు దొంగదైతే తప్పు బావది. మంచిదైతే అన్న చేతుల్లో పాపం లేదు. కానీ మంచిదైతే మరి అతను విరగ్గొట్టిన కాలు ఎవరిది? ఎటు తిరిగినా అతనికి దారి లేదు.

"ఊళ్ళోకి వచ్చినప్పుడు నాకు రోగం లేదు. నా రిపోర్టు నిజం. నువ్వే నన్ను చంపబోయినావు" అన్నాడు బావ.

అప్పుడు నేను నోరు తెరిచాను.

"రిపోర్టు నిజమే అన్నా. ఆయన కొనలేదు. కానీ ఆ మిషను ఆయనలో ఉండే రోగాన్ని పట్టలేదంట. రోగం మారిందంట. మూడు చోట్ల వెతికితే దొరికింది, ఆడ ఒక్క చోటే వెతికినారు. డాక్టరమ్మ చెప్పింది. ఊళ్ళోకి వచ్చేటప్పటికే ఉండొచ్చంట. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నువ్వూ తప్పు చెయ్యలేదు, ఆయనా—"

మాట పూర్తి కాలేదు. బావ మంచం పక్కనున్న స్టీలు నీళ్ళ చెంబు విసిరాడు. నా కనుబొమ్మ మీద తగిలింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను నా మీద చెయ్యి చేసుకున్నది అదొక్కసారే. నెత్తురు కంట్లోకి కారింది.

"నేను చంపినాననా నువ్వనేది? నన్ను పెంచినామెను నేను చంపినాననా?" అని మంచం మీద లేవబోయి, కాలు లాగి, కేక పెట్టాడు.

అన్న అతని మీదికి దూకాడు. నన్ను కొట్టినందుకు. నెలరోజులు కూడా కాలేదు, నా జుట్టు పట్టి గోడకు కొట్టినవాడు. ఇప్పుడు రెండు చేతులూ బావ గొంతు మీద వేసి, "ఆడదాన్ని కొడతావురా, నా చెల్లెల్ని కొడతావురా" అని నొక్కుతున్నాడు. సెలైను సీసా స్టాండుతో సహా కింద పడింది. నేను అన్న చెవి పట్టుకుని లాగాను, జుట్టు పీకాను, చివరికి భుజం కొరికాను. నోట్లో చొక్కా చెమట ఉప్పు. వార్డుబాయిలు ఇద్దరు వచ్చి విడదీశారు. అన్న గోడకు జారి కూర్చున్నాడు. బావ గొంతు పట్టుకుని దగ్గుతున్నాడు. కాసేపు ఆ గదిలో ముగ్గురం ఏడ్చాం. ఒకరి కోసం ఒకరం కాదు, ఎవరి ఏడుపు వాళ్ళది.

పోలీసులు వచ్చే వరకు అన్న అక్కడే కూర్చున్నాడు. పోయేటప్పుడు నా కనుబొమ్మ చూసి, "కుట్లు వేయించుకోమే" అన్నాడు.

అన్న సబ్‌జైల్లో ఉన్నన్నాళ్ళూ వదినకూ పసిదానికీ వంట నేనే చేశాను. బావ అడ్డు పడలేదు. డాక్టరమ్మ చెప్పిన విషయం మళ్ళీ ఎత్తలేదు. చంకల కింద కర్రలతో నడక మొదలుపెట్టాక, పెద్దమనుషులు రాజీ మాట తెచ్చారు. బావ ఒకటే షరతు పెట్టాడు. ఊళ్ళో అందరి ముందరా అన్న నిలబడి, రిపోర్టు దొంగది కాదని చెప్పాలి. పంచాయతీ ఆఫీసు ముందు అన్న నిలబడ్డాడు. పళ్ళు బిగబట్టి ఆ మాట చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. మిగతా సగం తెలిసినవాళ్ళం ముగ్గురం, ముగ్గురమూ ఎవరికీ చెప్పలేదు. ఊరు "సరేలే, అయిందేదో అయిపోయింది" అనుకుని మరిచిపోయింది. మిద్దెల మీద నిలబడి చూసినవాళ్ళంతా బావను పలకరించారు. అతను పలికాడు. నేను ఈ రోజుకీ ఎదురింటామెతో మాట్లాడను.

మరుసటి ఏడాది మొదట్లో కరోనా ఇంకో రూపంలో వచ్చింది. ఊళ్ళో సగం మందికి జలుబు చేసింది. అప్పటికి భయం పోయింది, జనం దగ్గుకుంటూనే పెళ్ళిళ్ళకు తిరిగారు. అన్నకు జ్వరం వచ్చింది. కలిగిరి పోయి పరీక్ష చేయించుకున్నాడు. నెగిటివ్. ఆ కాగితాన్ని అక్కడే చింపి పారేసి, ఇంటికి రాకుండా నేరుగా చేలో మోటారు గదికి పోయి పడుకున్నాడు. వదిన ఫోను చేసి రమ్మంటే, "ఏ రిపోర్టునూ నేను నమ్మను. ఎవరన్నా ఇటు వస్తే తలలు పగలగొడతా" అన్నాడు.

అందరూ ఊరికే అన్నాడనుకున్నారు. వాళ్ళ కూతురికి అప్పటికి మాటలు బాగా వచ్చేశాయి. నాయనను చూస్తానని గట్ల మీద పరుగెత్తింది. అన్న కేకలేశాడంట, అది నవ్వుతూ ఇంకా పరుగెత్తిందంట. అతను రాయి తీసి విసిరాడు. దాని ముందు నేల మీద పడాలని విసిరాడు, చెవి పక్కన తగిలింది.

వదిన అరుపులకు నేనూ బావా పోయాం. బావ కుంటుతూనే పోయి బండి తీశాడు. పిల్ల గట్టు కింద పడి ఏడుస్తోంది, మెడ మీదికి నెత్తురు కారుతోంది. అన్న మోటారు గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఇంకో రాయి. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"తీసుకపోండి దాన్ని! నా దగ్గరికి రానీబాకండి!"

వదిన పిల్లను ఎత్తుకుంది. బావ మాత్రం ఆగలేదు, గది వైపే నడిచాడు. అన్న విసిరిన రాయి అతని రొమ్ము మీద పడింది. బావ వంగి అదే రాయి తీసి తిరిగి విసిరాడు. అది తలుపు చెక్కకు తగిలి పగిలింది.

"పసిబిడ్డను కొడతావురా గాడ్దికొడకా!"

"నువ్వొస్తే నిన్నూ కొడతా! వెనక్కి పోరా! అమ్మకు జరిగింది చాల్లేదా!"

నడి ఎండలో ఇద్దరు మగవాళ్ళు ఒకరి మీద ఒకరు రాళ్ళు వేసుకున్నారు. బూతులు తిట్టుకున్నారు. ఒకరి రాయి ఒకరికి తగులుతోంది, మోకాళ్ళకూ మోచేతులకూ. ఎవరూ తలకు గురి చూడడం లేదని నాకు కాసేపటికి అర్థమైంది. అప్పుడు ఆగమని అరవడం మానేసి గట్టు మీద కూర్చున్నాను. బావ చేతులు నొప్పెట్టి ఆగాడు. అన్న గుమ్మంలో కూర్చుని తల పట్టుకున్నాడు. ఆ తర్వాత బావ అరిచిన మాట, కరోనా వచ్చినప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్యా నేను విన్న ఒకే ఒక్క మంచి మాట.

"తింటానికి ఏం కావాలో చెప్పి చావు!"

అన్న తల ఎత్తకుండానే చెప్పాడు. "మజ్జిగ."

పిల్లకు కలిగిరిలో కుట్లు వేయించాం. అన్న జ్వరం తగ్గి ఇంటికొచ్చాడు. అది కరోనానో ఉత్త జలుబో ఇప్పటికీ తెలియదు, ఎవరూ తేల్చలేరు కూడా. అతనూ బావా ఇప్పుడు ఒకరినొకరు "ఊ" అంటే "ఊ" అనుకునేంత వరకు వచ్చారు. వానలొస్తే బావకు కాలు లాగుతుంది, క్లచ్ తొక్కలేక లారీ ఆపేస్తాడు. అప్పుడు ఎక్కువ మాట్లాడకుండా అన్న పోయి నడుపుకొస్తాడు.

పిల్ల మాత్రం చాన్నాళ్ళు వాళ్ళ నాయన దగ్గరికి పోలేదు. ఒకరోజు నా దగ్గర తల దువ్వించుకుంటూ, చెవి పక్కన వెంట్రుకలు రాని చోటు తడుముకుని అడిగింది:

"అత్తా, నాయన నన్నెందుకు రాయి తీసుకొని కొట్టినాడు?"

"నువ్వు దగ్గరికి రాకూడదని."

"నోటితో చెప్పొచ్చు గదా?"

"చెప్పినాడంట అమ్మీ. నువ్వు నవ్వుకుంటూ పోయినావంట."

అది తల వెనక్కి తిప్పి, "కోపంగా చెప్పినాడు. నేను ఆడుతున్నాడనుకున్నా" అంది. నేను జడ అల్లడం పూర్తి చేసి రబ్బరు బ్యాండు వేశాను.